ఒకే పాఠము – పెక్కు యంత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమున కంప్యూటరును గూర్చి ప్రసంగమేల యని కొందఱికి తోపవచ్చును. నిన్నటి చదువునకు పుస్తకపు బీరువా యెట్టిదో, నేటి చదువునకు కంప్యూటరు అట్టిది. విద్యార్థి దరఖాస్తు పెట్టుకొనుటకును, రైతు తన భూమి వివరము చూచుకొనుటకును, పెద్దలు పూర్వకావ్యములను తెరపై పెద్ద అక్షరములతో చదువుకొనుటకును అదియే సాధనమైనది. అయితే పల్లె గ్రంథాలయములకు కొత్త యంత్రములు లభించుట అరుదు. పట్టణపు కార్యాలయములు వాడి విడిచినవి కొన్ని, దాతలు తమ యింట మూలనుంచినవి కొన్ని, ఒకదానితో నొకటి పోలనివి అన్నియు నొకచోట చేరును. ఒకటి పదునైదేండ్ల నాటి పెద్ద పెట్టె. మఱియొకటి అరచేతిలో నిముడు చిన్న పలక. వీని యన్నింటియందును ఒకే వ్యవస్థ నడచునా? నడచినచో ఏ కారణమున నడచును? నడువనిచో లోప మెచ్చట నున్నది? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఈ ప్రశ్న నేడు వాయిదా వేయరానిది. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు ఇచ్చుచుండిన సాధారణ పోషణము 2025 అక్టోబరు 14తో ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11, యంత్రమునందు టీపీఎమ్ 2.0 అను రక్షణభాగ ముండవలెననియు, ప్రాసెసరు ఆ సంస్థ ప్రకటించిన పట్టికలో చేరినదై యుండవలెననియు నియమము పెట్టినది. అందుచే చక్కగా పనిచేయుచున్న యంత్రములు పెక్కు ఆ నియమమునకు సరిపడక ప్రక్కకు నెట్టబడుచున్నవి. యంత్రము అరిగిపోలేదు, దానికి పాఠము నిచ్చువారు విరమించిరి. అట్టి యంత్రమును పాత సామానువానికి అమ్మవలెనా, గ్రంథాలయపు బల్లపై నుంచి పదిమంది పిల్లలకు చదువు చెప్పించవలెనా యను నిర్ణయము, స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టములు ఆ యంత్రముతో పొందుపడునా లేదా యను విషయముపై ఆధారపడి యున్నది.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా యంత్రమునకును, దానిపై జరుగు పనులకును నడుమ నుండు నిర్వాహకుడు. మీట నొక్కినపుడు అది యే అక్షరమో గ్రహించుట, జ్ఞాపకస్థానమును ఏ పనికెంత పంచవలెనో నిర్ణయించుట, డిస్కుపై వ్రాతను భద్రపఱచుట, ప్రింటరునకు పుటను పంపుట దాని విధులు. దాని హృదయభాగమునకు కెర్నల్ అని పేరు. ఇక ‘స్వేచ్ఛా’ యను విశేషణమునకు వెల లేనిదని మాత్రమే అర్థము చెప్పరాదు. దాని మూలపాఠమును చదువుటకును, తన యవసరమునకు తగినట్లు మార్చుకొనుటకును, మార్చినదానిని పదుగురకు పంచిపెట్టుటకును ఎల్లరకు హక్కు కలదని దాని యర్థము. ఈ హక్కునకును, పలు యంత్రములపై నడచు సామర్థ్యమునకును గల సంబంధమే ఈ ప్రసంగమునకు ప్రాణము.

ప్రాసెసరులలో జాతులు కలవు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క యంత్రభాష కలదు. బల్లమీది కంప్యూటర్లలో సాధారణముగా నుండు ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసరులది ఎక్స్86 జాతి. చేతిఫోనులలో నుండునది ఆర్మ్ జాతి. ఐబీఎమ్ వారి మహాయంత్రములది వేఱొక జాతి. రిస్క్-ఫైవ్ అనునది 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మొలకెత్తిన సరికొత్త జాతి. రెండు సంఖ్యలను కూడుమని ఒక జాతి ప్రాసెసరునకు ఇచ్చిన ఆజ్ఞ, మఱియొక జాతి ప్రాసెసరునకు అర్థరహితమైన శబ్దము. అంతియేకాక, కొన్ని ఒక్కసారికి 32 అంకెల వెడల్పుగల సంఖ్యను గ్రహించును; కొన్ని 64 అంకెల వెడల్పును గ్రహించును. ఇక్కడ అంకె యనగా సున్నయో, ఒకటియో మాత్రమే.

అర్ధ శతాబ్దమునకు పూర్వము ఈ చిక్కు మిక్కిలి తీవ్రముగా నుండెను. ఆపరేటింగ్ సిస్టమును సాధారణముగా యంత్రభాషకు అతి సమీపమైన అసెంబ్లీ భాషయందు వ్రాసెడివారు. యంత్రము మూలబడినచో, ఏండ్ల తరబడి పడిన శ్రమ యంతయు దానితోడనే మూలబడెడిది. 1969లో అమెరికాయందలి బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్ ప్రారంభించి, డెన్నిస్ రిచీ తోడ్పాటుతో పెంపొందించిన యునిక్స్ సైతము అట్లే పుట్టినది. పీడీపీ-7 అను యంత్రముపై జన్మించి, పిదప పీడీపీ-11 అను యంత్రమునకు చేరెను. 1973లో దానిని రిచీ రూపొందించిన సీ భాషయందు తిరుగ వ్రాసిరి. ఏ యొక్క యంత్రమునకును చెందని భాష అది. ఆ పాఠమును ఆయా యంత్రముల భాషలోనికి మార్చు పనిని కంపైలరు అను మఱియొక సాధనము నిర్వహించును.

పూర్వము సంస్కృత గ్రంథ మొక్కటియే అయినను ఆంధ్రదేశమున తెలుగు లిపియందును, తమిళదేశమున గ్రంథ లిపియందును, కాశ్మీరమున శారదా లిపియందును వ్రాసికొనెడివారు. లిపులు వేఱైనను గ్రంథము మాఱలేదు. ఏ దేశపు లేఖకుడు ఆ దేశపు లిపిలోనికి ఎత్తి వ్రాసికొనెను. కంపైలరును అట్టి లేఖకునిగా భావింపవచ్చును. గ్రంథము ఒక్క లిపికే కట్టుబడి యున్నచో, ఆ లిపి తెలిసినవారితోనే అది అంతరించి యుండెడిది.

1977లో ఈ భావమునకు పరీక్ష జరిగెను. ఆస్ట్రేలియాయందలి వొలంగాంగ్ విశ్వవిద్యాలయమువారు యునిక్స్‌ను ఇంటర్‌డేటా 7/32 అను యంత్రమునకు తరలించిరి. బెల్ పరిశోధనశాలలో స్టీఫెన్ జాన్సన్, రిచీ మొదలగువారు ఇంటర్‌డేటా 8/32 అను దానికి తరలించి, తమ యనుభవమును 1978లో ప్రకటించిరి. తేలిన సారాంశ మేమనగా, పాఠములో అధికభాగము పెద్ద మార్పు లేకయే కొత్త యంత్రమునకు వచ్చును; యంత్రమును నేరుగా తాకు భాగము మాత్రము కొత్తగా వ్రాయవలెను. కావున ఆ రెండు భాగములను కలగాపులగము చేయక విడివిడిగా నుంచుటయే తరలింపునకు కీలకము.

ఎత్తి వ్రాయునపుడు లేఖకునకు వచ్చు చిక్కులలో ఒకదానిని వివరించుట యుక్తము. శాసనములలో శకసంవత్సరమును మాటలతో చెప్పునపుడు ఏకస్థానము మొదలుకొని చెప్పు సంప్రదాయము కలదు. ‘వేద బాణ నంద శశి’ యన్నచో వేదములు నాలుగు, బాణములు ఐదు, నందులు తొమ్మండుగురు, శశి యొక్కడు. చదువరి దానిని వెనుకనుండి కూర్చుకొని 1954 అని గ్రహింపవలెను. సంప్రదాయ మెఱుగనివాడు 4591 అని వ్రాసికొని లెక్క చెడగొట్టును. ప్రాసెసరులలోను సరిగా ఇట్టి భేదమే కలదు. ఎక్స్86 జాతి పెద్ద సంఖ్యను జ్ఞాపకస్థానమునందు చిన్న స్థానము మొదలుగా నుంచును. ఐబీఎమ్ మహాయంత్రములు పెద్ద స్థానము మొదలుగా నుంచును. ఆర్మ్ జాతి రెండు విధములకును ఒదుగగలదు గాని నేడు సాధారణముగా చిన్న స్థానమునే ముందుంచుచున్నది. యునిక్స్‌ను ఒక పద్ధతి యంత్రమునుండి మఱియొక పద్ధతి యంత్రమునకు తరలించినపుడు, యు, ఎన్, ఐ, ఎక్స్ అని రావలసిన నాలుగక్షరముల పేరు తెరపై ఎన్, యు, ఎక్స్, ఐ అని తలక్రిందులుగా వచ్చినదని ఆ రంగమువారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. 1980లో డానీ కోహెన్ అను విద్వాంసుడు ఈ రెండు పక్షములకు స్విఫ్ట్ వ్రాసిన గలివర్ యాత్రలనుండి పేర్లు తెచ్చి పెట్టెను. గ్రుడ్డును పెద్ద కొనవైపు పగులగొట్టవలెనా, చిన్న కొనవైపు పగులగొట్టవలెనా యని అందలి రెండు వర్గములు పోరాడును. ఏ పద్ధతియందును దోషము లేదు. ఎదుటివాని పద్ధతి వేఱుగా నుండవచ్చునని తలపక వ్రాయుటయే దోషము.

ఇంతవరకు చెప్పినది నేర్పును గూర్చి. నేర్పు ఉన్నంత మాత్రమున చాలదు. పాఠము చేతికి అందవలెను. ఈ సత్యము ఒక ప్రింటరు మూలమున బయటపడెను. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందలి కృత్రిమ మేధా ప్రయోగశాలకు ఒక లేజరు ప్రింటరు వచ్చినది. కాగితము తఱచుగా ఇఱుకుకొనెడిది. అట్లు జరిగినపుడు వాడుకరికి కబురు చేయునట్లు పూర్వపు ప్రింటరు ప్రోగ్రామును అచ్చటివారు సవరించుకొని యుండిరి. కొత్తదాని మూలపాఠము మాత్రము వారికి లభింపలేదు. అందు పనిచేయుచుండిన రిచర్డ్ స్టాల్‌మన్ మఱియొక విశ్వవిద్యాలయమునకు పోయి అడిగినను, అచ్చటి ఆచార్యుడు ఎవ్వరికిని చూపనని మాట యిచ్చి యున్నానని నిరాకరించెను. ఆ నిరాకరణము స్టాల్‌మన్ మనసున నాటుకొనెను. 1983లో గ్నూ అను పేర పూర్తి స్వేచ్ఛా వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, 1984 జనవరిలో పని ప్రారంభించెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు బీజములలో నొకటి, యంత్రమునకును పాఠమునకును పొందిక కుదుర్చుకొను హక్కు లేకపోవుటయే యని దీనివలన తెలియుచున్నది. గ్నూ కంపైలరు ఒక్క యంత్రభాషకే పరిమితము గాక పలు యంత్రభాషలలోనికి ఎత్తి వ్రాయగల లేఖకుడై, తరువాత వచ్చిన వ్యవస్థలకెల్ల చేయూతయైనది.

1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను 386 ప్రాసెసరునకు ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నానని ప్రకటించెను. నేడు లైనక్సు అని ప్రసిద్ధమైన కెర్నలు అదియే. ఆ ప్రకటనలోనే, ఇది ఇతర యంత్రములకు తరలింపదగినది కాదనియు, 386కు మాత్రమే చెందిన సౌకర్యములను వాడుకొనుచున్నదనియు, బహుశః తన వద్దనున్న తరగతి డిస్కులకు తప్ప వేఱొక దానికి ఎన్నటికిని పనికిరాదేమో యనియు ఆ విద్యార్థి చెప్పుకొనెను. 1992 జనవరిలో ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు, ఒక్క జాతి ప్రాసెసరునకు ఇంతగా కట్టుబడిన వ్యవస్థ పొరపాటని బహిరంగముగా ఆక్షేపించెను. ఆ ఆక్షేపణము నాటికి సత్యమే.

అయితే 1992లోనే ఆ మూలపాఠము గ్నూ అనుమతిపత్రము క్రిందికి వచ్చినది. కర్త తలపెట్టని పనిని పాఠకులు తలపెట్టిరి. మోటరోలా 68000 కుటుంబపు ప్రాసెసరు గల అమీగా యంత్రములు తమ బల్లలపై నున్నవారు, ఎవ్వరి యాజ్ఞకును వేచియుండక, దానిని తమ యంత్రమునకు తరలించుకొనిరి. 1994లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థయందు పనిచేయుచుండిన జాన్ హాల్, టోర్వాల్డ్స్‌ను కలిసి, 64 అంకెల వెడల్పుగల ఆల్ఫా యంత్రము నొకదానిని సమకూర్చెను. ఆ తరలింపును టోర్వాల్డ్స్ స్వయముగా చేసెను. 1995 మార్చిలో వెలువడిన 1.2వ కూర్పునందు ఆల్ఫా, స్పార్క్, మిప్స్ జాతులకు తావు కలిగెను. అన్ని యంత్రములకు సాధారణమైన భాగమొకటి, జాతివారీగా విడివిడి భాగములు వేఱొకటి అను అమరిక స్థిరపడెను. నేడు ఆ జాతివారీ భాగములు ఇరువదికి చేరువగా నున్నవి. ఏ వ్యవస్థ ఒక్క యంత్రమునకే పరిమితమని దాని కర్తయే చెప్పెనో, ఆ వ్యవస్థయే 2017 నవంబరు మొదలుకొని ప్రపంచమునందలి అత్యంత శక్తిమంతమైన ఐదువందల మహాకంప్యూటర్ల పట్టికలోని అన్ని యంత్రములపైనను నడచుచున్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో నున్న కెర్నలును అదియే. భారతమును నన్నయ ఆరంభింపగా, తిక్కనయు ఎఱ్ఱనయు పూరించిరి. ఆరంభించినవాని సంకల్పముతోనే గ్రంథము ఆగిపోవలసిన పని లేదు. పూరించువారికి తాళపత్రము అందుబాటులో నుండవలెను.

ఈ దారిలో నడచిన వేఱొక వ్యవస్థ నెట్‌బీఎస్‌డీ. 1993లో ఆరంభమైన నాటినుండి పలు యంత్రములపై నడచుటయే దాని ప్రధాన సంకల్పము. 1970ల నాటి వాక్స్ కుటుంబము మొదలుకొని నేటి ఆర్మ్ పలకల వరకు ఏబదికి పైగా యంత్రరకములకు అది తరలింపబడినది. అందలి నేర్పు ఏమనగా, ఒక నెట్‌వర్కు కార్డునకు కావలసిన డ్రైవరును ఒక్కసారి వ్రాసి, ఆ కార్డు ఏ జాతి యంత్రమునకు తగిలింపబడినను అదే డ్రైవరు పనిచేయునట్లు నడుమ నొక పొరను ఏర్పఱచిరి. పాలు కొలుచు చెంబు మాఱినను పాల లెక్క మాఱనట్లు, యంత్రపు అంతర్మార్గము మాఱినను డ్రైవరు మాఱదు.

ఇచ్చట ప్రాసెసరును విడిచి తక్కిన పరికరముల సంగతికి వత్తము. గ్రంథాలయములకు వాస్తవముగా చిక్కు తెచ్చునది సాధారణముగా ప్రాసెసరు కాదు. తెర చిప్పు, వైఫై చిప్పు, ప్రింటరు, స్కానరు ఇవియే. వీనిలో ప్రతిదానికి దాని మర్మ మెఱిగిన డ్రైవరు కావలెను. తయారీదారు ఆ మర్మమును ప్రకటించినచో డ్రైవరు వ్రాయుట సులభము. ప్రకటింపనిచో, వ్యవస్థకును పరికరమునకును నడుమ నడచు సంకేతములను ఓపికతో గమనించి, శిథిలశాసనమును చదువు పండితునివలె ఊహించి వ్రాయవలెను. ఎన్‌విడియా తెర చిప్పులకు నూవో అను డ్రైవరు అట్లే పుట్టినది. ఏఎమ్‌డీ సంస్థ 2007లో తన తెర చిప్పుల వివరములను ప్రకటింప మొదలుపెట్టెను. బ్రాడ్‌కామ్ సంస్థ తన వైఫై చిప్పులు కొన్నింటికి 2010లో బహిరంగ డ్రైవరు నిచ్చెను. ఎన్‌విడియా సంస్థయు 2022 మే నెలలో తన కెర్నలు డ్రైవరు మూలపాఠమును ప్రకటించెను. తలుపులు మెల్లగానైనను తెఱచుకొనుచున్నవి.

అయినను ఒక గడప మిగిలినది. వైఫై చిప్పులు పెక్కింటికి, యంత్రము తెఱచినంతనే వానిలో నింపవలసిన ఫర్మ్‌వేరు అను చిన్న ప్రోగ్రాము కావలెను. దాని మూలపాఠము సాధారణముగా స్వేచ్ఛగా లభింపదు. స్వేచ్ఛాసూత్రమును గట్టిగా పట్టిన డెబియన్ సమాజము చాలకాలము దానిని తన అధికారిక స్థాపకమున చేర్చలేదు. కొత్తవారు వ్యవస్థను స్థాపింపబోయి, వైఫై లేక, వైఫై లేనందున ఫర్మ్‌వేరును తెచ్చుకొనలేక, వలయమున చిక్కెడివారు. 2022లో ఆ సమాజము సభ్యుల వోటు తీసికొని, 2023 జూన్‌లో వెలువడిన 12వ కూర్పునుండి ఫర్మ్‌వేరును స్థాపకముతోనే ఇచ్చుచున్నది. సూత్రమును సడలించిరని కొందఱు, జనులకు తలుపు తెఱచిరని కొందఱు వాదించిరి. పల్లె గ్రంథాలయపు బల్ల వద్ద కూర్చుండి చూచినచో రెండవ వాదము బలముగా కనబడును. మొదటివారు చూపిన లోపమును మఱువరాదు.

చేతిఫోనులోను లైనక్సే యున్నదని చెప్పితిరే, పాత ఫోనునందు కొత్త వ్యవస్థను ఏల వేసికొనరాదని చదువుకొన్న పిల్లలు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము అడంగలు నెఱిగినవారికి సులభముగా బోధపడును. బల్లమీది కంప్యూటరునందు పరికరములలో అధికభాగము పిలిచిన పలుకును. కెర్నలు ‘ఎవ్వరు నీవు?’ అని యడుగగా, ప్రతి కార్డును తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను చెప్పును. ఆర్మ్ పలకలలో పెక్కు పరికరములు అట్లు పలుకవు. ఊరికి కొత్తగా వచ్చిన అధికారికి ఏ సర్వే నంబరున ఏ భూమి యున్నదో, ఎవరి సాగులో నున్నదో అడంగలు చూచినగాని తెలియనట్లు, ఏ చిరునామాయందు ఏ పరికర మున్నదో, అది ఏ తీగపై పిలుచునో వ్రాసియుంచిన పట్టిక లేనిదే కెర్నలు అడుగు వేయలేదు. ఆ పట్టికకు డివైస్ ట్రీ అని పేరు. పూర్వము ఆర్మ్ పలకల వివరములను కెర్నలు పాఠములోనే ఒక్కొక్క పలకకు విడిగా చొప్పించెడివారు. ఆ విధమున పాఠము అడవివలె పెరుగగా 2011లో టోర్వాల్డ్స్ కోపించెను. పిదప వివరములను పట్టికలోనికి మార్చు పద్ధతి వ్యాపించెను. తెలంగాణమున పహాణీ యన్నను, ఆంధ్రమున అడంగలన్నను పని యొక్కటే: ఊరి సంగతి ఊరి పుస్తకములో నుండవలెను, చట్టములో నుండరాదు. పాత ఫోనులలో పెక్కింటికి అట్టి పట్టికయు డ్రైవర్లును ప్రధాన కెర్నలునకు చేరలేదు. పైగా తయారీదారులు మొదటి వాకిలికే తాళము వేయుట కలదు. అందుచే కెర్నలు ఒక్కటియే అయినను పాత ఫోనును బ్రతికించుట దుర్లభము.

జాతి యొక్కటే యైనను తరము వేఱైనచో చిక్కు వచ్చును. 2012 ఫిబ్రవరిలో రాస్ప్‌బెర్రీ పై అను చవకైన చిన్న పలక వెలువడినది. దానియందలి ప్రాసెసరు ఆర్మ్ జాతియందు ఆఱవ తరమునకు చెందినది. దశాంశపు లెక్కలకు దానిలో ప్రత్యేక భాగము కలదు. నాటి డెబియన్‌లో ఆర్మ్‌నకు రెండు కూర్పు లుండెను. ఒకటి ఆ ప్రత్యేక భాగమును వాడుకొనును గాని ఏడవ తరమును కోరును. రెండవది పాత తరములకు చాలును గాని ఆ భాగమును వాడుకొనదు. పలక రెంటి నడుమ చిక్కుకొనెను. అప్పుడు కొందఱు ఔత్సాహికులు వేలకొలది ప్యాకేజీలను ఆ పలకకు సరిపడునట్లు మరల కంపైలు చేసి, రాస్ప్‌బియన్ అను పేర అదే సంవత్సరమున పంచిపెట్టిరి. మూలపాఠము మూసియుంచబడినదైనచో ఆ పలక లెక్కలలో నత్తనడక నడుచుచుండెడిది.

ఇన్ని మంచి మాటలు చెప్పిన పిమ్మట లోపమును దాచుట న్యాయము కాదు. పొందిక శాశ్వతమైన వరము కాదు. ఒక జాతి ప్రాసెసరును పోషించుటకు మనుష్యులు కావలెను. పరీక్షించుటకు యంత్రములు కావలెను. వారు తరిగినపుడు ఆ జాతి పట్టికనుండి తొలగును. లైనక్సు ఏ 386 ప్రాసెసరుపై పుట్టినదో, దానికే 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8వ కూర్పుతో ఆశ్రయము తప్పినది. ఐటానియమ్ అను జాతి 2024 జనవరి నాటి 6.7వ కూర్పున తొలగింపబడెను. డెబియన్ 13వ కూర్పు 2025 ఆగస్టు 9న వెలువడినది. 32 అంకెల పాత కంప్యూటర్లకు అది స్థాపకము నిచ్చుట లేదు. అదే కూర్పునందు రిస్క్-ఫైవ్ జాతికి తొలిసారిగా అధికారిక స్థానము లభించినది. పాత నీరు పోవుచు కొత్త నీరు వచ్చుచున్నది. ఒక భేదమును మాత్రము గమనింపవలెను. మూసిన వ్యవస్థయందు యజమాని విరమించినచో కథ ముగిసినది. స్వేచ్ఛా వ్యవస్థయందు పెద్ద సమాజము విరమించినను, పాత పాఠము అందఱివద్దను నిలిచియే యుండును. ఓపిక గలవారు పోషించుకొనవచ్చును. 32 అంకెల పాత కంప్యూటర్లను నెట్‌బీఎస్‌డీ నేటికిని ఆదరించుచున్నది.

భారతదేశమునకు ఈ విషయమున విశేషలాభము కలదు. మద్రాసు ఐఐటీవారు రిస్క్-ఫైవ్ పద్ధతిని అనుసరించి శక్తి యను పేర ప్రాసెసరులను రూపొందించిరి. 2018లో ఆ చిప్పుపై లైనక్సు నడచినది. కొత్త ప్రాసెసరును నిర్మించినవారు ఆపరేటింగ్ సిస్టమును మొదటినుండి వ్రాయవలసి వచ్చినచో మఱి యెన్ని యేండ్లు పట్టెడిదో ఊహింపవచ్చును. వ్యవస్థ సిద్ధముగా నుండుటచేత చిప్పు కన్ను తెఱచినంతనే పలుకగలిగెను. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ డెబియన్‌ను ఆధారముగా గొని బాస్ అను వ్యవస్థను 2007లో భారతీయ భాషలతో విడుదల చేసెను. తెలుగు ఒత్తులను, గుణింతములను తెరపై సరిగా కూర్చు హార్ఫ్‌బజ్ అను సాధనమును స్వేచ్ఛా పాఠమే. అందుచే యంత్రపు జాతి మాఱినను ‘స్త్రీ’ యను అక్షరము చెదరదు.

ఇక గ్రంథాలయమువారు చేయదగిన పని. దానముగా వచ్చిన యంత్రమును వెంటనే చెరపివేయరాదు. మొదట అందలి వ్రాతలను దాతకు ముట్టజెప్పవలెను. పిదప ప్రాసెసరు 32 అంకెలదో 64 అంకెలదో తెలిసికొనవలెను. పెన్‌డ్రైవునుండియే నడచు ప్రత్యక్ష కూర్పును పెట్టి, డిస్కును తాకకయే వైఫై, ధ్వని, తెర, తెలుగు వ్రాత, ప్రింటరు అన్నియు ఒక పూట పరీక్షింపవలెను. అన్నియు పొందుపడినచో స్థాపింపవలెను. వైఫై ఒక్కటి పొందుపడనిచో యంత్రమును నిందింపక, పొందుపడు చిన్న వైఫై పరికరమును కొని తగిలింపవచ్చును. ప్రింటరును కొనునపుడు వెలను మాత్రమే చూడక, ప్రత్యేక డ్రైవరు లేకయే సార్వత్రిక పద్ధతిలో ముద్రించునా యని అడుగవలెను. ప్రతి యంత్రమునకు ఒక పుట కేటాయించి, దాని రకము, ప్రాసెసరు, వైఫై చిప్పు, వేసిన కూర్పు, వేసిన తేదీ, పొందుపడనివి రిజిస్టరునందు వ్రాసియుంచవలెను. నోటిమాట మనిషితో పోవును. పుస్తకములోని లెక్క తరువాతివానికి దారి చూపును. లోపము కనబడినపుడు ఆ వివరమును స్పష్టముగా ఆ వ్యవస్థను పోషించు సమాజమునకు వ్రాసి పంపుటయు సేవయే. ఒక్క మాఱుమూల గ్రామమునుండి పోయిన సరియైన నివేదిక, అదే రకపు యంత్రము గల వేయి గ్రామముల చిక్కును తీర్చగలదు.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడపిరి. రహదారి లేని పల్లెలకు బండి పోజాలదు. కాలువ మాత్రము కలదు. పుస్తకములను మార్చలేదు, వాహనమును మార్చిరి. బీరువాలో నున్నదియు, పడవలో వచ్చినదియు ఒకే పుస్తకమే. చదువువాని గుమ్మమువఱకు ఏది పోగలదో దానిపై ఎక్కించుటయే గ్రంథాలయధర్మమని ఆ పెద్దలు ఆచరించి చూపిరి. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టములను పలు యంత్రములకు తరలించినవారు చేసినదియు అట్టి పనియే. ఊరికి ఏ యంత్రము చేరినదో దానిపై పాఠమును ఎక్కించిరి. ఆ పడవను ఇచ్చటి యువకులు త్రోయ నేర్తురుగాక. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు ఎవ్వరికిని మూయలేదు. దాని బల్లపై నుండు యంత్రములును ఎవ్వరి తాళమునకును లోబడక వర్ధిల్లుగాక.

స్వస్తి.